మిగిలిన నాలుగు సెకన్లు

నర్మెట్ట, జనగామ జిల్లా
2024 మార్చి 6

నేను మేడిపల్లి పోశమ్మను. వయసు డెబ్బై ఆరు. ఆధార్ కార్డులో డెబ్బై రెండని ఉంది, అది ఎక్కించినవాడి తప్పు. భర్త పేరు నేను నోటితో చెప్పను, పక్కన కూర్చున్న కమ్లీ రాస్తుంది: వీరస్వామి, రిటైర్డ్ డ్రిల్లు సారు, బాస్కెట్‌బాల్ ఆటగాడు, కోచ్, రెఫరీ. పోయిన నెల పన్నెండో తారీకున కాలం చేశాడు. ఇంట్లో కొడుకు ఎల్లేశ్, కోడలు రజిత, నేను, రెండు బర్రెలు. నాకు చదువు లేదు. చెవులు బాగున్నాయి, నోరు ఇంకా బాగుంది.

సొంత తమ్ముడికి ఉత్తరం రాయిస్తూ ఇవన్నీ ఎందుకంటావా? మీ బావ ఎప్పుడూ అనేవాడు కదా: "నోటి ప్రొటెస్టు ప్రొటెస్టు కాదు. పేరు, ఊరు, వయసు రాసి సాక్షులతోని కాయితం ఇయ్యాలె." కాబట్టి భద్రయ్యా, కాటారంలో కూర్చున్న నీ మీద నేను ఇస్తున్న ప్రొటెస్టు ఇది. ఫోను చేస్తే మధ్యలో కట్ చేస్తావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు. చింపితే ఇంకొకటి వస్తుంది. కమ్లీ దగ్గర బడి కాగితాలు చాలా ఉన్నాయి. ఈ సంగతి రాయొద్దంటోంది. రాయమన్నాను.

కమ్లీ మన తండా చాంద్యా బిడ్డ. మీ బావ దగ్గర ఆట నేర్చుకుని రాష్ట్రం టీములో ఆడి, ఇప్పుడు ఆయన పనిచేసిన బడిలోనే డ్రిల్లు టీచరు. నేను చెప్పింది బడి భాషలో దిద్ది రాస్తుంది. తిట్టినచోట మాత్రం నా మాట నాలాగే ఉండాలని ఒప్పందం. మొదటి తిట్టు ఇక్కడే ఉంది, కూర్చుని చదువు.

"అరేయ్ భద్రిగా! మొగడు పోయిన అక్కకు పుట్టింటి చీరె తమ్ముడు తన చేతులతోని తెచ్చి కప్పుతడురా. నువ్వు బస్సు పార్సిల్ల ఏసి పంపుతవా? మీద పెన్నుతోని 'చీర, జాగ్రత్త' అని రాస్తవా? అదేమన్న గాజు గిలాసా, పగులుతానికి?"

ఆ మూట విప్పలేదు. దండెం మీద అట్లాగే ఉంది. శవం లేచేటప్పుడు కూడా నువ్వు వాకిట్లో కాలు పెట్టలేదు. రోడ్డవతల కరెంటు స్తంభం పక్కన నిలబడి, స్తంభంతో పాటు నువ్వూ ఒక స్తంభమై, అందరికంటే ముందు బస్సెక్కావు. అది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. అసలు సంగతి తర్వాత జరిగింది.

మూడో నాడు పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టాం: కోడికూర, ఉడికించిన గుడ్లు, నాలుగు అరటిపండ్లు, సగం ఆట కాగానే పోరగాళ్లకు తినిపించే గ్లూకోజు పొడి. పక్కన ఆయన విజిల్. కాకి వచ్చింది. చెట్టు మీద కూర్చుంది. దిగలేదు. గంట అయింది, రెండు గంటలు అయ్యాయి. పోయినవాళ్లకు మనసులో ఏదో కొట్టుకుంటుంటే పిట్ట ముట్టదని నీకు తెలుసు. ఎల్లేశ్ చేతులు జోడించి, "నాయినా, అవ్వను మంచిగ సూసుకుంట" అన్నాడు. కాకి ముఖం తిప్పుకుంది. మొన్నటిదాకా సర్పంచిగా ఉన్నాయన ముందుకొచ్చి, "సారూ, నీ పేరు మీద గ్రౌండుకు గోడ కట్టిస్తం" అన్నాడు. కాకి లేచి ఇంకా దూరం చెట్టు మీదికి పోయింది.

అప్పుడు నేను లేచాను. "ఏందయ్యా నీ లొల్లి? గా రెండు ఫ్రీ త్రోలేనా? నా తమ్మునితోని ఏపిస్త. ఏడాది మాసికం నాటికి ఏపిస్త, నా మీద ఒట్టు, దిగు!" అన్నాను. మాట పూర్తి కాలేదు, కాకి దిగింది. ముందు గ్లూకోజు, తర్వాత గుడ్డు తిని, విజిల్ తాడు ముక్కున కరుచుకుని బడి వైపు ఎగిరిపోయింది. యాభై మంది చూశారు.

ఆ రెండు ఫ్రీ త్రోల సంగతి నీకు తెలుసు. అయినా ప్రొటెస్టులో మొత్తం ఉండాలి. 1986, దసరా తర్వాత, మహబూబాబాద్ టోర్నమెంటు ఫైనల్. నర్మెట్టకూ ఆ ఊరివాళ్లకూ. రెఫరీ ఎక్కిన బస్సు నర్సింహులపేట దగ్గర ఆగిపోయింది. మన కోచ్ మీ బావే అయినా, సొంత తల్లి మీదైనా విజిల్ ఊదే మనిషని రెండు టీములూ ఆయన్నే ఊదమన్నాయి. మనవాడొకడికి జ్వరం వస్తే ఆటగాడిగా కూడా ఆయనే దిగాడు. ఆడుతూ, ఆడిస్తూ, ఊదుతూ తన మీద తానే ఐదు ఫౌళ్లు ఊదుకున్నాడు. ఐదోదానికి తనను తానే బయటికి పంపుకుని, గీత అవతల నిలబడి బనీను మార్చుకుని, రెఫరీగా మళ్లీ లోపలికి వచ్చాడు. వాళ్లు నలభై ఒకటి, మనం నలభై. నాలుగు సెకన్లు మిగిలాయి. వాళ్ల కెప్టెన్ జగపతి నీ చేతి మీద కొట్టాడు. నీకు రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడితే కప్పు మనది. అంతలో వాన వచ్చింది, ఆయన ఆట ఆపాడు. కప్పు వాళ్లింటికి పోయింది. ఆట అయిపోలేదని ఆయన స్కోరు కాగితం మీద సంతకం పెట్టలేదు. టైము చూసిన చాంద్యా ఆ స్టాప్‌వాచీని ఇప్పటికీ నాలుగు సెకన్ల దగ్గరే ఆపి పెట్టెలో దాచాడు. "మ్యాచ్ అయ్యేదాక ముట్టకు" అన్నాడట సారు.

నువ్వేమో బావ నీ నోటికాడి కప్పు లాగేశాడని ముప్పై ఎనిమిదేళ్లుగా నా గడప తొక్కలేదు. నా కొడుకు పెళ్లికి కూడా పందిరి బయట నిలబడే అక్షింతలు విసిరావు. దూరం నుంచి బాగానే విసిరావు, పిల్ల నెత్తిన పడ్డాయి. అవే చేతులతో రెండు బంతులు వేసి పో. పదిహేను రోజుల్లో జవాబు రాయి.

నీ తోడబుట్టిన
పోశమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: కమ్లీ, చాంద్యా


కాటారం, భూపాలపల్లి జిల్లా
2024 మార్చి 21

అక్కకు భద్రయ్య నమస్కారం.

ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ కవరు ఇస్తూ "ఎవరో మిమ్ముల బాగ తిట్టిన్రు" అన్నాడు. కవరు అంటించలేదు మీరు. ఇకనుంచి అంటించండి.

ఇక్కడ యాసంగి వరి పొట్ట మీద ఉంది. కోతులు అడవి నుంచి దిగి మిరప చేను పీకుతున్నాయి. కారం తిని ఏడుస్తాయి, మళ్లీ వస్తాయి. మోకాలి నొప్పి అట్లాగే ఉంది. చీర మూట మీద "జాగ్రత్త" అని రాసింది నేను కాదు, మీ మరదలు కమలాదేవి. ఆమెను తిట్టుకో.

ఇక కాకి విషయం. బావ ఆత్మకు శాంతి కలగాలనే నా కోరిక కూడా. కానీ నువ్వు నన్ను అడగకుండా నా తరఫున మాట ఇచ్చావు. ఆటగాడి తరఫున మాట ఇచ్చే హక్కు కోచ్‌కు ఉంటుంది, కోచ్ భార్యకు ఉండదు. ఆట మళ్లీ మొదలు కావాలంటే ఎక్కడ ఆగిందో అక్కడే మొదలు కావాలి. నేను పెట్టే షరతులు కాదు ఇవి, బావ నేర్పిన రూల్సే. అదే రింగు ఉండాలి. అవతలి టీము మనిషి ఒకడైనా ఉండాలి. విజిల్ ఉండాలి. ఊదకుండా వేసిన ఫ్రీ త్రో చెల్లదు. ఆ విజిల్ కాకి దగ్గర ఉందని నువ్వే రాశావు. మహబూబాబాద్ రింగు ఎప్పుడో పాత ఇనుములో పోయి ఉంటుంది. జగపతి ఇప్పుడు పెద్ద లీడరు, పిలిస్తే రాడు.

కాబట్టి ఈ పని కాదు. నాకు కప్పు మీద ఆశ లేదు. ఆశ ఉన్ననాడు ఆపాడు మీ ఆయన.

ఎల్లేశ్‌ను, కోడలిని అడిగానని చెప్పు. బర్రెలు ఈనాయా?

ఇట్లు,
తమ్ముడు
భద్రయ్య


నర్మెట్ట
2024 మే 14

భద్రయ్యకు పోశమ్మ రాయిస్తున్నది.

ఒక బర్రె ఈనింది. దుడ్డె. ఈసారి కవరు అన్నం మెతుకులతో అంటించాను, చాలకపోతే పిండి కలిపి అంటిస్తాను.

రింగు దొరికింది.

నేనూ కమ్లీ మహబూబాబాద్ పోయాం. ఇద్దరం ఆడవాళ్లమే కాబట్టి బస్సుకు పైసా కాలేదు. ఈ మాట గుర్తు పెట్టుకో, ముందుముందు పనికొస్తుంది. జగపతి ఇల్లు అడుగుతూ పోయాం. పెద్ద గేటు, కుర్చీల నిండా మనుషులు. నేను పేరు చెప్పగానే లోపలికి రమ్మన్నాడు. "సారు పోయిండా!" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కప్పు అద్దాల బీరువాలోనే ఉంది. నీ గురించి అడిగాడు. "భద్రయ్య చెయ్యి మీద నేను కొట్టిన మాట నిజమే అవ్వా. సారు ఊదకుంటే నేనే చెప్తుంటి" అన్నాడు. అబద్ధమే, కానీ చెప్పిన తీరు బాగుంది.

రింగు గురించి అడిగితే దొడ్లోకి తీసుకుపోయాడు. జొన్నల గోలెం కింద కుదురులా ఉంది, తమ్ముడూ! టోర్నమెంటు రింగు! ముప్పై ఏళ్లుగా గోలెం పొర్లిపోకుండా ఆపుతోందట. "తీసుకపోండ్రి, కాని నా గోలెం దేని మీద కూసోవాలె?" అన్నాడు. ఎల్లేశ్ చేత లారీ టైరు పంపించాను. రింగు ఇప్పుడు మన బడి స్తంభానికి ఎక్కింది. రోజు చెప్తే వస్తానని జగపతి మాట ఇచ్చాడు. నీ మూడు సాకుల్లో రెండు పోయాయి.

మూడోది విజిల్. తాడుతో ఎగిరిన కాకి అప్పటినుంచి బడి గ్రౌండులోనే ఉంటోంది. ఎండాకాలం క్యాంపులో పోరీలు ఆడుతుంటే బోర్డు మీద కూర్చుని చూస్తుంది. బంతి పట్టుకుని రెండడుగుల కంటే ఎక్కువ వేస్తే, "కా" అంటుంది. మొదట్లో నవ్వారు. తర్వాత కమ్లీ వారం రోజులు గమనించి చూసింది, ఒక్కసారి కూడా తప్పు అరవలేదట. ఇప్పుడు కాకి అరిస్తే పోరీలు బంతి అక్కడే పెట్టి చేతులెత్తుతున్నారు. మొన్న నర్సింహులపేట టీము ఆడటానికి వచ్చింది. కాకి వాళ్ల మీద పదకొండు, మన మీద పద్నాలుగు అరిచింది. అయినా వాళ్ల సారు కాగితం మీద ప్రొటెస్టు రాసిచ్చి పోయాడు, "పక్షి నిర్ణయాలకు మేము కట్టుబడము" అని. మీ బావ ఫోటో కింద పెట్టాను దాన్ని.

గూట్లో విజిల్ ఉందేమోనని చాంద్యా చింతచెట్టు ఎక్కాడు. నేను ఎక్కుతానంటే కమ్లీ కొంగు పట్టి లాగింది. గూట్లో రెండు చెంచాలు, ఒక తాళంచెవి, ఎవరిదో పట్టీ ఉన్నాయి. విజిల్ లేదు. దిగేటప్పుడు చాంద్యా కొమ్మ విరిగి పడ్డాడు. చీలమండ బెణికింది. జనగామ దవాఖానలో నాలుగు రోజులు ఉంచి కట్టు కట్టి పంపారు. వీల్చైరులో కూర్చుని టైము చూస్తానంటున్నాడు.

విజిల్ లేదు గాని ఊదేవాడు ఉన్నాడు. రోజు చెప్పు.

పోశమ్మ, వేలిముద్ర
సాక్షులు: కమ్లీ, చాంద్యా (మంచం మీద పడుకుని)


కాటారం
2024 జూన్ 9

అక్కకు,

దుడ్డె పుట్టినందుకు సంతోషం. ఇక్కడ మొదటి వానలు పడ్డాయి. నారు పోస్తున్నాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు అభ్యంతరం ఉంది, లిఖితపూర్వకంగా తెలియజేస్తున్నాను. ఆ కాకి నర్మెట్ట కాకి. నర్మెట్ట బడి మీద వాలుతుంది, నర్మెట్ట విస్తరి తింటుంది. ఫైనల్ ఆటకు ఊరి కాకి రెఫరీ అయితే రేపు జగపతి ఊరుకోడు. గెలిచినా నలుగురూ ఏమంటారు? బావ కాకి కదా, బావమరిదికి ఊదింది అంటారు. ముప్పై ఎనిమిదేళ్లు మోసిన పేరు చివర్లో పోవాలా?

తటస్థ కాకి కావాలి. మహబూబాబాద్ కాకి కూడా వద్దు. భూపాలపల్లి కాకి అయితే నాకు సమ్మతం.

నా మోకాలు ఇంకా తగ్గలేదు. చాంద్యాకు చెట్లు ఎక్కే వయసు కాదని చెప్పు.

ఇట్లు,
భద్రయ్య


నర్మెట్ట
2024 ఆగస్టు 3

"భద్రిగా! భూపాలపల్లి కాకి నీ జిల్లా కాకి కాదారా? తటస్థం అంటే నీ ఇంటెనుక వాలేదా? నెత్తి మీద ఎంటికలు తెల్లవడ్డయ్ గాని లోపల ఏం పండలేదురా నీకు!"

తిట్టు అయింది. ఇక కమ్లీ రాస్తుంది.

చాంద్యా నిన్న నోరు జార్చాడు. ఏప్రిల్ నెలలో ఎవరో కండక్టరు "నర్మెట్ట అవ్వ చెట్టు మీదకెళ్లి పడ్డది" అన్నాడని, నువ్వు కాటారం నుంచి భూపాలపల్లి, అక్కడినుంచి హనుమకొండ, అక్కడినుంచి జనగామ మూడు బస్సులు మారి దవాఖానకు ఉరికొచ్చావట. ఆడవాళ్ల వార్డంతా మంచం మంచం దగ్గర దుప్పటి ఎత్తి చూస్తుంటే నర్సు తిట్టిందట. ఆఖరికి చాంద్యా కట్టు కాలితో ఇడ్లీ తింటూ కనపడితే, "అక్క కాదా? నువ్వా? థూ!" అని, వాడి ఇడ్లీ ఒకటి తిని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని మళ్లీ బస్సెక్కావట. జనగామ దాకా వచ్చి ఇంటికి రాకుండా పోయావు! మోకాలి నొప్పి మనిషివి, మూడు బస్సులు ఎట్లా మారావు? నా ఇంటి గడప ఒక్కటే ఎక్కదా నీ మోకాలు?

ఈ కోపం నేను దిగమింగుకుంటాను. చాంద్యా చెప్పిన రెండో మాట మింగుడుపడటం లేదు.

ఒట్టు తెగింది కదా అని ఇంకొకటి కూడా చెప్పాడు. ఆనాడు వాన రాలేదట. "రెండు చుక్కలు వడ్డయ్ అవ్వా. ఒకటి నా వాచీ మీద, ఒకటి సారు బట్టతల మీద. సారు మొగులు దిక్కు సూసి విజిల్ ఊదిండు. మబ్బు అటే పోయింది. మళ్ల ఎండ గొట్టింది" అన్నాడు. పెట్టె తీయించి కమ్లీ చేత స్కోరు కాగితం చదివించాను. "భారీ వర్షం వలన ఆట నిలిపివేయబడినది" అని ఆయన చేతిరాతే ఉంది.

నా మీద నేనే ఊదుకుంటానన్న మనిషి రెండు చుక్కలను భారీ వర్షమని రాశాడా? ఎందుకు రాశాడు? ఎవరి కోసం? కప్పు ఎవరింటికి పోయింది, జగపతి ఇంటికి. జగపతి నన్ను అంత మర్యాదగా ఎందుకు కూర్చోబెట్టాడు? లేచి ఎందుకు నిలబడ్డాడు? రింగు అడగ్గానే ఎందుకు ఇచ్చాడు? "నా మొగడు అమ్ముడువోయిండా భద్రిగా?" అదేనా ముప్పై ఎనిమిదేళ్లు నువ్వు కడుపులో పెట్టుకున్నది? అక్క బాధపడుతుందని చెప్పలేదా?

కమ్లీ ఇక్కడ కాగితం మీద పెన్ను పెట్టి ఏడుస్తోంది. తండా నుంచి చెప్పుల్లేకుండా వచ్చిన పోరికి నిజం ఆడమని నేర్పిన మనిషి. బడిలో ఆయన ఫోటో పెట్టారు, మొన్ననే పూలదండ వేశారు. ఆయన అబద్ధమాడి ఉంటే ఆ ఫోటో నేనే దించుతాను. ఎవరూ ఆపలేరు.

నిజం రాయి. పదిహేను రోజులు చూస్తాను. రాకపోతే ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కుతాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు. రోజూ వస్తాను, రోజూ పోతాను. నీ వాకిట్లో కూర్చుని కాటారం మొత్తానికి వినపడేలా అడుగుతాను.

పోశమ్మ
వేలిముద్ర కొంచెం చెదిరింది.
సాక్షులు: కమ్లీ. చాంద్యా భయపడి రాలేదు.


కాటారం
2024 ఆగస్టు 15

అక్కా,

ఫోటో దించకు. బావ అమ్ముడుపోలేదు. ఈ ఉత్తరం కమ్లీ చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను, ఆ పిల్ల కూడా వినాలి.

ఆనాడు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాను. బంతి చేతికి ఇచ్చేటప్పుడు బావ నా చేతులు చూశాడు. జ్వరం వచ్చినట్టు ఊగుతున్నాయి. మహబూబాబాద్ మొత్తం చూస్తోంది. నేను మెల్లగా, "బావా, నాతోని కాదు" అన్నాను. ఆయన నా మొఖం చూశాడు, ఆకాశం చూశాడు. రెండు చుక్కలు పడ్డాయి. విజిల్ ఊదాడు. "వాన" అన్నాడు. నన్ను కాపాడటానికి ఆయన జీవితంలో ఊదిన ఒక్క అబద్ధపు విజిల్ అది.

మరి కోపం ఎందుకంటావా? అందరూ నా దగ్గరికొచ్చి "నీ కప్పు మీ బావ ఆపిండు" అన్నారు. అవునన్నాను. అవునంటే నా చేతుల సంగతి ఎవరికీ తెలియదు కదా. ఒకరోజు అన్నాను, ఒక ఏడాది అన్నాను. తర్వాత అది నిజమే అనిపించింది. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు. ఆయన ముఖం చూస్తే నా చేతులు గుర్తొస్తాయని మీ గడప తొక్కలేదు.

ఇంకొకటి చెప్తాను, నవ్వకు. కల్లంలో టేకు మొద్దుకు ఒక రింగు కొట్టించాను. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్నే వంద ఫ్రీ త్రోలు వేస్తాను. వందా పడతాయి. కానీ ఎవరూ చూడకూడదు. కమలాదేవి చాయ తెచ్చి నిలబడితే తప్పుతాయి. మేక చూసినా తప్పుతాయి. మోకాలికి ఏమీ లేదు అక్కా. నొప్పి అని రాసింది అబద్ధం.

వస్తాను. మాసికం రోజే వస్తాను. కానీ ఎవరూ చూడకూడదు. నేను కళ్లు మూసుకుని వేస్తాను. ఏ కాకి అయినా సరే.

భద్రయ్య


నర్మెట్ట
2025 ఫిబ్రవరి 5

నేను, మేడిపల్లి పోశమ్మను, వయసు డెబ్బై ఏడు, నా తమ్ముడు భద్రయ్యకు రాయిస్తున్న తీర్పు కాగితం. నువ్వు కళ్లు మూసుకుని వేశావు, తర్వాత కోపంతో బస్సెక్కావు. కాబట్టి తిథి ప్రకారం ఏడాది మాసికం వచ్చిన ఫిబ్రవరి ఒకటో తారీకున జరిగింది జరిగినట్టు నీకు తెలియాలి.

ఎవరూ చూడొద్దన్నావు. ఊరిని రావొద్దంటే వినే ఊరు కాదు ఇది. కాబట్టి అందరూ రావచ్చు, గ్రౌండుకు వీపు పెట్టి నిలబడాలని చాటింపు వేయించాను. మూడు వందల మంది వచ్చారు. నువ్వు చూసింది వాళ్ల వీపులనే. నీకు ధైర్యంగా ఉండాలని మా రెండు బర్రెలను కూడా అటువైపు తిప్పి కట్టేయించాను. మేకలను తండాకు పంపాను. జగపతి తెల్లబట్టలు కట్టుకుని, కప్పు కారులో పెట్టుకుని వచ్చాడు. గ్రౌండు వైపు చూసింది నేను, బోర్డు మీద కాకి, ఇద్దరమే. జగపతి సెల్ఫీ తీసుకుంటున్నట్టు ఫోను ఎత్తి వెనక్కి చూశాడు, అది లెక్కలోకి తీసుకోవడం లేదు.

నీ సంచి ఎక్కడ పెట్టాలని అడిగావు. కమ్లీ తీసుకుంది. అది గుర్తు పెట్టుకో, మళ్లీ వస్తాను.

మొదటి బంతి. రింగు మీద పడి రెండుసార్లు తిరిగింది. జొన్నల గోలెం మోసిన రింగు కదా, కొంచెం వంగి ఉంది. తిరిగి తిరిగి లోపల పడింది. నలభై ఒకటి, నలభై ఒకటి. వీపులన్నీ ఒక్కసారి ఎగిరాయి.

రెండో బంతి. అంత అందంగా పడిన బంతిని నేను చూడలేదు. రింగును ముట్టుకోకుండా దిగింది. కాకి మెడ వంచి నీ కాలి వైపు చూసింది. అరవలేదు. నేను కూడా చూశాను. నీ ఎడమ కాలి బొటనవేలు గీత మీద ఉంది.

కాకి అరుస్తుందేమోనని ఆగాను. అది నా వైపు చూసింది. అప్పుడు నేనే అరిచాను: "గీత దొక్కినవ్! లెక్కకు రాదు!"

నువ్వు కళ్లు తెరిచావు. "అక్కా! ముప్పై ఎనిమిదేండ్లకు ఒచ్చి ఏస్తే గిదా నువ్వు జేసేది?" అన్నావు. కోపంలో నా జవాబు నీ చెవికెక్కలేదు, ఇప్పుడు విను. "మీ బావ నీ కోసం ఒక్క విజిల్ తప్పు ఊదిండు. గది గుండెల పెట్టుకొని పోయిండు. ఆయన తప్పును నేను సరిజేస్తున్న. ఇంకోసారి నిన్ను కాపాడ. కాపాడాల్సిన పనిలేదు నీకు, రెండు బాల్లూ పడ్డయ్!"

గీత తొక్కితే బంతి అవతలి టీముది కాబట్టి తర్వాత జగపతి పట్టుకున్నాడు. చాంద్యా స్టాప్‌వాచీ నొక్కాడు. కదల్లేదు. అన్నేళ్లు ఆపితే తుప్పు పట్టదా? చాంద్యా నోటితో లెక్కపెట్టాడు, "ఒకటి" దగ్గర ఏడ్చాడు, "మూడు" దగ్గర ముక్కు తుడుచుకున్నాడు. అంతసేపట్లో జగపతి ఏడెనిమిది గోల్లు వేయొచ్చు. వేయలేదు. బంతిని కడుపుకు హత్తుకుని అట్లాగే నిలబడ్డాడు. నాలుగు సెకన్లు అయిపోయాయి. సమానం. రూలు ప్రకారం ఇంకో ఐదు నిమిషాలు ఆడాలి. "నేనాడ! నా సంచి ఏది?" అని నువ్వు అరిచావు.

సంచి మా ఇంట్లో లోపలి అర్రలో, దండెం కింద ఉంది. కమ్లీకి అక్కడ పెట్టమని చెప్పింది నేనే. నువ్వు నన్ను తిడుతూ, చాంద్యాను తిడుతూ, కాకిని తిడుతూ, చెప్పులు విడిచి గడప దాటి లోపలికి పోయావు. తమ్ముడూ, నువ్వు గడప దాటావు. నీకు తెలియనే లేదు. వెనక నిలబడి నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అదొక్కసారే.

సంచి తీయబోతే దండెం మీద మూట నీ నెత్తిన పడింది. "చీర, జాగ్రత్త." దాన్ని చూసి ఆగిపోయావు. తాడు పళ్లతో కొరికి విప్పావు. చీర నా భుజాల మీద కప్పావు. చేతులు ఊగుతున్నాయి. ఊగినా సరిగ్గానే కప్పావు.

కోపంలోనే రెండు ముద్దలు తిని, కోపంలోనే మూడోసారి కూర వేయించుకుని బస్సెక్కావు. నువ్వు పోయాక విస్తరి పెట్టాం. ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. కాకి నేరుగా దిగి తినేసింది. ముందు గ్లూకోజు. తర్వాత ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి బోర్డు మీద వాలడం లేదు. నిన్న పోరీలు ఆడుతుంటే ఒకతి గీత తొక్కి, ఎవరూ అరవకుండానే తానే చెయ్యి ఎత్తిందట. కమ్లీ చెప్పింది.

ఫోటో బడిలోనే ఉంది. దాని కింద స్కోరు కాగితం పెట్టాను. "భారీ వర్షం" అన్నచోట కమ్లీ చేత "రెండు చుక్కలు" అని దిద్దించాను. రెఫరీ సంతకం గడి ఖాళీగానే ఉంది. నన్ను వేలిముద్ర వేయమన్నారు. వేయలేదు. ఐదు నిమిషాల ఆట ఇంకా ఉంది, అది పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్తరమాస రోజుకు పెట్టాను. జగపతి ఒప్పుకున్నాడు. వాచీ బాగు చేయించడానికి చాంద్యా ఒప్పుకోవడం లేదు.

కాలు గీత వెనక పెట్టి వేయడం నేర్చుకుని రా. నీ చెప్పుల్లో ఒకటి మా గడప లోపలే ఉండిపోయింది. పార్సిల్లో పంపను.

ఈ కాగితానికి మాత్రం నా వేలు వేస్తున్నాను.

మేడిపల్లి పోశమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర, చెదరలేదు)

సాక్షులు:
కమ్లీ, డ్రిల్లు టీచరు
చాంద్యా, టైము చూసినవాడు
జగపతి, అవతలి టీము కెప్టెన్